సున్నా నుంచి నాలుగు వందల దాకా

ఫ్యాక్టరీలో అందరూ ఆయన్ని ఎదురుగా సార్ అనేవారు, అటు తిరగ్గానే డెఫినిషన్ అనేవారు. ఆ పేరు తనకుందని ఆయనకి తెలుసు. తెలిసి మురిసిపోయేవాడు కూడా. తనని ఎగతాళి చేస్తున్నారని గ్రహించాలంటే మనిషి తనకి తాను కాస్త ఎడంగా నిలబడి చూసుకోగలగాలి. డెఫినిషన్ ఎప్పుడూ తనని తానే వాటేసుకుని ఉండేవాడు.

ఆయన భార్య కుట్టుపని చేసేది. సోఫా కవర్లు, కర్టెన్లు, ఫ్యాక్టరీ వాళ్ల ఓవరాల్స్. ఇంట్లో ముందుగదంతా ఆమెదే: కిటికీ పక్కన మిషను, గోడవారగా కత్తిరింపు బల్ల, బల్ల కింద గుడ్డపీలికల మూటలు. పెళ్లయిన కొత్తలో ఆయన అదే పెయింట్ల ఫ్యాక్టరీలో కంప్రెసరు గదిలో హెల్పరు. నూనె డబ్బాలు మోయడం, బెల్టులు మార్చడం. ఒకసారి కొలత పరికరాలు అమ్మే కంపెనీ మనిషి ఒకడు వచ్చి, ఎవరూ చదవని లావుపాటి కేటలాగు ఒకటి వదిలేసి వెళ్లాడు. దాని వెనక పేజీల్లో ఆ వ్యాపారంలో వాడే మాటలూ వాటి అర్థాలూ ఉన్నాయి. డెఫినిషన్ దాన్ని చొక్కా లోపల పెట్టుకుని ఇంటికి తెచ్చాడు. ఆయన జీవితంలో చదివిన పుస్తకం అదొక్కటే. అది కూడా చివరి పేజీలే.

రోజూ సాయంత్రం పాఠం అప్పజెప్పడం మొదలైంది. ఆమె కాళ్లతో మిషను తొక్కుతూ, కేటలాగుని మిషను బల్ల మీద తెరిచి పెట్టుకునేది. ఆయన గదిలో అటూ ఇటూ తిరుగుతూ వల్లించేవాడు.

"ఆర్‌టీడీ అంటే?" ఆమె అడిగేది.

"వేడికి లోహపు తీగ నిరోధం పెరుగుతుంది. ఆ పెరుగుదలని బట్టి ఉష్ణోగ్రత చెప్పేది ఆర్‌టీడీ."

"థర్మోకపుల్?"

"రెండు వేరు వేరు లోహాల తీగలు ఒక చివర కలిపితే, ఆ చివర వేడెక్కినప్పుడు కొద్దిపాటి వోల్టేజి పుడుతుంది. రెండో చివర ఎంత వేడిగా ఉందో కూడా లెక్కలోకి తీసుకోవాలి. దాన్ని కోల్డ్ జంక్షన్ అంటారు."

"చల్లగా ఉంటుందా అది?"

"అక్కడ రాసింది మాత్రమే అడుగు."

ఆమె అలాంటివి అడగడం మానేసింది. కానీ చెవులు మూసుకోలేదు కదా. ఏళ్ల తరబడి వింటే గోడకైనా వంటబడుతుంది. ఆమెకి ట్రాన్స్‌మిటర్ అంటే ఏంటో, నాలుగు నుంచి ఇరవై మిల్లీయాంపులంటే ఏంటో, అంతా వచ్చేసింది. పాత్రలోని వేడిని సెన్సరు పసిగడుతుంది, ట్రాన్స్‌మిటర్ దాన్ని కరెంటుగా మార్చి వైర్ల మీద కంట్రోల్ రూముకి పంపుతుంది. కొలతలో అడుగు విలువకి నాలుగు మిల్లీయాంపులు, పై విలువకి ఇరవై. మధ్యలో ఎంత వేడి ఉంటే అంత వాటా. చీర అంచు కొలిచి కుచ్చిళ్లు పంచినట్టే కదా అనుకుంది ఆమె. ఆ మాట పైకి అంటే ఆయన ముఖం చిట్లించాడు. పోలికలు ఆయనకి నచ్చవు. పోలిక చెప్పాలంటే విషయం అర్థమై ఉండాలి.

అప్పట్లో ఆమెకి ఆయనంటే గొప్పే. అబద్ధమెందుకు. కంప్రెసరు గదిలోంచి ఇన్‌స్ట్రుమెంట్ విభాగానికి మారాడు, అక్కడ సూపర్‌వైజరయ్యాడు. మీటింగుల్లో ఎవరైనా "మీటరు కొంచెం తేడాగా చూపిస్తోంది" అంటే చాలు, లేచి నిలబడి, "తేడా అంటే? అక్యురసీయా, రిపీటబిలిటీయా, డ్రిఫ్టా?" అని అడిగేవాడు. అన్నవాడు నీళ్లు నమిలేవాడు. మేనేజరు తల ఊపేవాడు. మేనేజరుకీ ఆ తేడాలు తెలీవు, కాకపోతే ఆయన తల ఊపడం నేర్చుకుని మేనేజరయ్యాడు.

ఇంటా బయటా అదే తంతు. ఆమెకి ఓసారి ఒళ్లు కాలిపోతుంటే క్లినిక్కి తీసుకెళ్లాడు. కాంపౌండరు నోట్లో థర్మామీటరు పెట్టి, "ఒక్క నిమిషం అలాగే ఉంచండమ్మా" అన్నాడు.

"నిమిషమని ఎలా చెప్తారు? దీని రెస్పాన్స్ టైమెంత?" అన్నాడు డెఫినిషన్.

"నిమిషమేనండీ."

"రెస్పాన్స్ టైమంటే మొత్తం చూపించడానికి పట్టే సమయం కాదు. మారిన వేడిలో అరవై మూడు శాతం చూపించడానికి పట్టే సమయం."

కాంపౌండరు ఆయన్ని కాసేపు చూసి, "మరి మిగతా ముప్ఫై ఏడు శాతం జ్వరం మందులు లేకుండానే తగ్గిపోతుందాండీ?" అని అడిగాడు. బెంచీల మీద కూర్చున్న రోగులంతా నవ్వారు. నోట్లో థర్మామీటరుతో ఆమె కూడా నవ్వింది. ఆయన ఆమెకన్నా ముందే విసవిసా ఇంటికి నడిచాడు. భార్య జ్వరం ఎంతుందో కూడా కనుక్కోలేదు.

ఆమె తమ్ముడికి ఆ ఫ్యాక్టరీలో ఉద్యోగం వేయించింది డెఫినిషనే. ఆ సంగతి ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ ఆయనే చెప్పుకునేవాడు కాబట్టి ఇక్కడ మనం దాచక్కర్లేదు. తమ్ముడు మేధావేం కాదు. పొద్దున్నే లేవడానికి బద్ధకం, షిఫ్టులో టీ ఎక్కువ తాగుతాడు, ఫోన్లో క్రికెట్ చూస్తాడు. కానీ తెలీనిది తెలీదంటాడు, అడిగి చేస్తాడు. కంట్రోల్ రూములో తెరల ముందు కూర్చుని అంకెలు చూడటం అతని పని. పెళ్లయింది, కూతురు పుట్టింది, అక్క ఇంటికి రెండు వీధుల అవతల అద్దెకున్నాడు. అక్కంటే చనువు, బావంటే కాస్త బెరుకు.

ఆ ఫ్యాక్టరీలో అన్నిటికన్నా ముఖ్యమైంది రెజిన్ వండే పెద్ద పాత్ర. కెటిల్ అంటారు దాన్ని. రెండంతస్తుల ఎత్తు. పెయింటుకి పట్టు ఇచ్చే జిగురుపదార్థం అందులోనే ఉడుకుతుంది. రెండు వందల పది డిగ్రీల దగ్గర నిలపాలి. అంతకన్నా మరీ వేడెక్కితే లోపలున్నదంతా గడ్డకట్టి రాయైపోతుంది. అందుకే ఆ కెటిల్‌కి పాతకాలపు ముల్లున్న డయలు ఒకటి, తెర మీదికి అంకె పంపే ట్రాన్స్‌మిటర్ ఒకటి, రెండూ ఉండేవి.

ఆ ఏడు కొత్త ట్రాన్స్‌మిటర్లు కొన్నారు. కొనమని మేనేజరుని ఊదరగొట్టింది డెఫినిషన్. వాటికి హార్ట్ అనే సదుపాయం ఉంది. అంటే కరెంటు వెళ్లే ఆ రెండు వైర్ల మీదే సన్నటి డిజిటల్ సంకేతం కూడా వెళ్తుంది. చేతిలో పట్టుకునే చిన్న పరికరం తగిలిస్తే ట్రాన్స్‌మిటర్ తన పేరు, ఎంత నుంచి ఎంత దాకా కొలుస్తుందో ఆ రేంజి, తను చూస్తున్న వేడి, అన్నీ చెప్తుంది. ఆ చేతి పరికరాన్ని డెఫినిషన్ పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని ఫ్యాక్టరీ అంతా తిరిగాడు. పాత డయలు పీకించేశాడు. "డిజిటల్ వచ్చాక ఇంకా ముల్లేంటి?" అన్నాడు. ఆ డయలున్న రంధ్రంలోనే కొత్త ఆర్‌టీడీ దింపించాడు.

ఆ ఆదివారం తమ్ముడు భోజనానికి వచ్చాడు. ముగ్గురూ వంటింట్లో బల్ల దగ్గర కూర్చున్నారు. తమ్ముడు కంచంలో వేలితో గీతలు గీస్తూ, "బావా, ఒక మాట. కెటిల్ ఖాళీగానే ఉంది కదా, తెర మీద ఇరవై రెండు చూపిస్తోంది. గదిలో చూస్తే ముప్ఫై ఉంది. ఎందుకంటావ్?" అన్నాడు.

"కోల్డ్ జంక్షన్ ఎఫెక్ట్," అన్నాడు డెఫినిషన్, ముద్ద మింగకుండానే.

ఆమె గరిటె పట్టుకుని ఒక్క క్షణం ఆగింది. కోల్డ్ జంక్షన్ థర్మోకపుల్ పేజీలో ఉంటుంది. ఇప్పుడు పెట్టింది ఆర్‌టీడీ అని ఆయనే కదా వారం నుంచీ ఊదరగొడుతున్నది. కానీ ఎవరి పని వాళ్లకి తెలీదా అనుకుని వడ్డించింది.

"పాతదాని రేంజి సున్నా నుంచి మూడు వందలు కదా. కొత్తదానికెంత పెట్టావ్?"

"సున్నా నుంచి నాలుగు వందలు. ఎక్కువుంటే మంచిదే కదా, ఎప్పటికైనా పనికొస్తుంది."

"మరి నా తెర ఇంకా మూడు వందల మీదే ఉంది. నేను కూడా మార్చాలా?"

"ఏం అక్కర్లేదు. ఇది హార్ట్‌రా. రేంజి సంగతి అదే చెప్పుకుంటుంది నీ తెరకి. నువ్వు చెయ్యి పెట్టి పాడుచెయ్యకు."

తమ్ముడు తలూపాడు. ఇంకో గరిటె కూర వేయించుకున్నాడు. అక్కడితో అయిపోయింది.

కంట్రోల్ రూములోని తెరకి ఆ డిజిటల్ భాష రాదు. అది వైరు మీద వచ్చే కరెంటు ఒక్కటే చదువుతుంది, ఇరవై మిల్లీయాంపులొస్తే మూడు వందల డిగ్రీలనుకుంటుంది. అటు ట్రాన్స్‌మిటరేమో నాలుగు వందలకి ఇరవై పంపుతోంది. కేటలాగులో ఆ సంగతి రేంజి అన్న మాట పక్కనే, రెండు చివరలా రేంజి ఒకటే ఉండాలని ఒక్క ముక్కలో రాసుంది. డెఫినిషన్ ఆ ముక్క కూడా వల్లించాడు. వల్లించడానికీ తెలియడానికీ సంబంధం ఉంటుందని ఆయనకెవరూ చెప్పలేదు.

రెండ్రోజుల తర్వాత కెటిల్ నింపి మంట పెట్టారు. తెర మీద రెండు వందల పది రాగానే తమ్ముడు ఆపరేటరుకి చెప్పాడు, ఆపరేటరు అక్కడ నిలబెట్టాడు. లోపల నిజానికి రెండు వందల ఎనభై ఉంది. కాసేపటికి మూత పక్కనుంచి మాడిన వాసన, పల్చటి పొగ. ఆపరేటరు శాంపిల్ తీద్దామని గరిటె దింపితే అది సగంలో ఇరుక్కుపోయింది. లాగితే రాలేదు. మంట ఆపేసరికి ఆలస్యమైపోయింది. కెటిలంతా తేనెరంగు రాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు, అదొక్కటే మేలు. ఆ తర్వాత వారాల తరబడి మనుషులు తాళ్లు కట్టుకుని లోపలికి దిగి ఉలులతో, సుత్తులతో ఆ రాయిని చెక్కి బస్తాల్లో పైకి పంపారు. వీధి మలుపు దాకా ఆ ఠంగుఠంగులు వినిపించేవి.

విచారణ పెట్టారు. మేనేజరు గదిలో ఏసీ, పొడవాటి బల్ల, గ్లాసుల్లో నీళ్లు. తమ్ముడు జరిగింది జరిగినట్టు చెప్పాడు. తెర రేంజి మార్చాలా అని బావని అడిగాననీ, వద్దన్నాడనీ.

"ఎప్పుడడిగావ్?"

"ఆదివారం సార్. వాళ్లింట్లో, భోజనం చేస్తూ."

మేనేజరు డెఫినిషన్ వైపు తిరిగాడు. డెఫినిషన్ లేచి చొక్కా సర్దుకున్నాడు. తర్వాత జరిగింది తమ్ముడు అక్కకి చెప్పాడు, ఆ గదికి నీళ్లందించిన ఆవిడ కూడా చెప్పింది, ఇద్దరి మాటా ఒకటే. బాగా చదువుకున్నవాడి గొంతుతో, తొందరపడకుండా, ఒక్కో మాటకీ అర్థం చెప్పుకుంటూ వెళ్లాడట ఆయన. ఇది అక్యురసీ లోపం కాదన్నాడు, ట్రాన్స్‌మిటర్ సరిగ్గానే కొలిచిందని చేతి పరికరంలో రుజువుందన్నాడు. రిపీటబిలిటీ లోపం, అంటే ఒకే వేడికి ఒక్కోసారి ఒక్కో అంకె చూపించడం, కాదన్నాడు. డ్రిఫ్ట్, అంటే రోజులు గడిచేకొద్దీ కొలత పక్కకి జరగడం, కాదన్నాడు. సంకేతం అందుకునే చివర, అంటే తెర దగ్గర, స్కేలింగ్ మార్చకపోవడం వల్ల జరిగిందన్నాడు. ఆ చివర ఎవరి బాధ్యతో తను చెప్పక్కర్లేదన్నాడు. అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. డెఫినిషన్ తన ఉద్యోగమంతటిలో ఒక విషయాన్ని పూర్తిగా సరిగ్గా చెప్పింది ఆ రోజే.

"భోజనం దగ్గర మాట?" అన్నాడు మేనేజరు.

"ఇంట్లో తింటూ ఆడిన మాటలు నాకు గుర్తుండవు సార్."

తమ్ముడి ఉద్యోగం ఆ సాయంత్రమే ఊడింది.

అతను అక్క ఇంటికొచ్చి కత్తిరింపు బల్ల మీద మోచేతులు ఆనించి కూర్చున్నాడు. తిట్టలేదు. "నేనే మార్చెయ్యాల్సింది అక్కా. అడక్కుండా మార్చేసుంటే పోయేది," అన్నాడు. ఆ మాటే ఆమెకి ముల్లులా గుచ్చుకుంది. చేసినవాడు చేతులు దులుపుకుని పోయాడు, వీడేమో తప్పు ఎక్కడుందా అని తన జేబులు వెతుక్కుంటున్నాడు.

మొగుడు ఇంటికొచ్చి బూట్లు విప్పుతుంటే ఆమె మిషను ఆపింది.

"మీరు వాడికి వద్దన్నారు కదా. నేను పక్కనే ఉన్నాను."

"అది టెక్నికల్ సంభాషణ కాదు. ఇంట్లో మాట."

"ఇంట్లో మాటైతే అబద్ధమా?"

"చూడు, ఆ ఉద్యోగం వాడికి ఇప్పించింది నేను. నా ఉద్యోగం పోతే మనిద్దరం రోడ్డున పడతాం. వాడు కుర్రాడు, ఇంకోటి చూసుకుంటాడు."

"పోనీ అదైనా వాడి ముందు అనండి. కనీసం ఆ మాటైనా నిజం."

ఆయన బూట్లు గోడవారగా పెట్టాడు. "నీకు ఇందులో ఉన్న సంగతులు అర్థం కావు," అన్నాడు.

ఆమె ఆయన్ని నిజంగా చూసింది అప్పుడే. ఇన్నేళ్లూ ఎవరికి మాటలందించిందో, ఎవరి గొంతు సాఫీగా సాగడానికి తన కాళ్లు మిషను మీద ఆగి ఆగి తొక్కాయో, ఆ మనిషిని. కోపం వస్తే బాగుండేదనిపించింది. కోపమైతే అరిచి తీర్చుకోవచ్చు. వచ్చింది కోపం కాదు. కూరలో వెంట్రుక కనబడ్డప్పుడు కంచం పక్కకి నెట్టేయించేలాంటిది.

మర్నాడు ఆమె ఓవరాల్స్ ఇవ్వడానికని ఫ్యాక్టరీకి వెళ్లి, మూట గేటు దగ్గర దింపి, తిన్నగా మేనేజరు గదికి వెళ్లింది. నిలబడే చెప్పింది. ఆదివారం భోజనం దగ్గర ఎవరేం అన్నారో, ఏ మాటకి ఏ మాటో. నాలుగు వందలు పెట్టింది ఎవరో, మార్చొద్దన్నది ఎవరో. ఆర్‌టీడీకి కోల్డ్ జంక్షన్ ఉండదన్న సంగతి కూడా చెప్పింది.

మేనేజరు అంతా విన్నాడు. ఏసీ గాలికి ఎగురుతున్న కాగితాల మీద అరచెయ్యి పెట్టాడు.

"అమ్మా, అవన్నీ నాకు తెలుసు," అన్నాడు.

లేచి తలుపు దగ్గరగా వేశాడు.

"విచారణ రోజే అర్థమైంది. కానీ ఆ ట్రాన్స్‌మిటర్లు కొనమని పైవాళ్లకి రాసింది నేను. ఈయన్ని నమ్మి రాశాను. ఈయన తప్పంటే నా తప్పే. మీ తమ్ముడి తప్పంటే అక్కడితో ఆగిపోతుంది. అర్థం చేసుకోండి. మీ ఆయన ఉద్యోగానికేం ఢోకా లేదు."

శుభవార్త చెప్తున్నవాడిలా నవ్వాడు కూడా. ఆమె మూట డబ్బులు కూడా అడక్కుండా వచ్చేసింది. దారంతా ఉలి దెబ్బలు వినబడుతూనే ఉన్నాయి. ఆ ఇద్దరూ ఒకరికొకరు సరిగ్గా సరిపోయారనుకుంది. ఒకడికి మాటలే తెలుసు, ఇంకొకడికి సంగతులన్నీ తెలుసు, ఇద్దరిలో ఒక్కడికీ సిగ్గు తెలీదు.

తమ్ముడికి కొన్నాళ్లు పని దొరకలేదు. రెజిన్ గడ్డకట్టించినవాడన్న పేరు అతని కన్నా ముందు వెళ్లి కూర్చునేది. అక్క అతని భార్యకి కాజాలు కుట్టడం, గుండీలు వేయడం నేర్పి తన దగ్గరే పెట్టుకుంది. ఆరేడు నెలలకి పళ్లు నిలవచేసే కోల్డ్ స్టోరేజీలో చిన్న ఉద్యోగం వచ్చింది. జీతం తక్కువ, చలి ఎక్కువ. చేరిన మొదటి రోజే ప్రతి గదికీ ముల్లున్న డయలు ఒకటి ఉండాలని పట్టుబట్టి పెట్టించుకున్నాడట.

డెఫినిషన్‌కి మాత్రం ప్రమోషనొచ్చింది. జరిగిన ప్రమాదం నుంచి పాఠాలు నేర్చుకోవాలని పైవాళ్లు అనడంతో, కొత్తగా చేరేవాళ్లకి కొలతల పరిభాష నేర్పే ట్రైనింగ్ ఆఫీసరు పదవి ఒకటి సృష్టించారు. దానికి ఆయనకన్నా తగినవాడెవరు? ఫ్యాక్టరీ వెనక క్వార్టర్సులో రెండు గదుల ఇల్లు కూడా ఇచ్చారు. ఆ వార్త పట్టుకుని ఆయన ఇంటికొచ్చేసరికి ఆమె కర్టెన్ గుడ్డకి మడతలు పెడుతోంది.

"వచ్చే వారం మారిపోవాలి. అక్కడ హాలు పెద్దది, నీ మిషను పడుతుంది," అన్నాడు.

"మీరు మారండి."

"అంటే?"

"నాకు గిరాకీ ఇక్కడుంది."

ఆయన కాసేపు వాదించాడు. జనం ఏమనుకుంటారన్నాడు. ఆమె వినిపించుకోలేదు. ఆయన చొక్కాలన్నీ ఉతికి, ఇస్త్రీ చేసి, ఊడిన గుండీలు కుట్టి, పెట్టెలో మడతలు నలగకుండా సర్దింది. ఎవరి బట్టలైనా అలాగే సర్దుతుంది. కేటలాగు కూడా అందులోనే పెట్టింది. రిక్షా పెట్టెతో మలుపు తిరిగేదాకా కూడా గుమ్మంలో నిలబడలేదు. అప్పటికే లోపల కత్తెర ఎక్కడ పెట్టానా అని వెతుక్కుంటోంది.

వీధిలో ఆడవాళ్లు ఆమెకి పిచ్చన్నారు. కొట్టడు, తాగడు, సంపాదిస్తాడు, ఇంకేం కావాలన్నారు. ఆమె వాళ్లకేం చెప్పలేదు. చెప్పడానికి అదేమన్నా పెద్ద రహస్యమా. ఆ మనిషి ఎదురుగా కూర్చుంటే తనకి అన్నం దిగడం లేదు, అంతే.

ఏడాది తిరిగాక ఒక మధ్యాహ్నం డెఫినిషన్ ఆమె గుమ్మంలోకొచ్చాడు. ట్రైనింగుకి వచ్చే బ్యాచీకి ఓవరాల్స్ కావాలన్నాడు. ఇరవై జతలు. తనకి కూడా ఒకటి. ఆమె టేపు తీసుకుని లేచింది. ఏ గిరాకీదారుకైనా తీసినట్టే భుజాలు, ఛాతీ, చేతులు తీసింది. నడుము పెరిగింది. బల్ల మీద సుద్దతో రాసుకుంది.

"నీ టేపు కాలిబ్రేషన్ ఎప్పుడు చేయించావ్?" అన్నాడు ఆయన, నవ్వుతూ. జోకు వేశాననుకున్నాడు.

ఆమె మోకాలి దగ్గర వంగి కాలి పొడవు తీస్తోంది.

"వాడు బాగున్నాడా?" అన్నాడు. "పిల్ల స్కూల్లో చేరిందా?"

"రెండు వీధుల అవతలే ఉంటాడు. వెళ్లి అడగండి."

"వెళ్లాలనే ఉంటుంది. టైమే దొరకదు. క్లాసులు ఎక్కువైపోయాయి ఈమధ్య. పై ఊళ్ల నుంచి కూడా పిలుస్తున్నారు."

"అడ్వాన్సు సగం ఇవ్వండి. వచ్చే శుక్రవారం రండి," అంది ఆమె.

ఆయన జేబు తడుముకుని డబ్బు బల్ల మీద పెట్టాడు. గుమ్మం దాటుతూ, ఓవరాల్స్ వీపు మీద పెద్ద అక్షరాలతో ట్రైనింగ్ విభాగం అని కుట్టాలని, అక్షరాల సైజు తర్వాత చెప్తానని అన్నాడు. ఆమె నీలం గుడ్డ పరిచి, అంచులు కలిపి, కత్తెర పెట్టింది. మరదలు వెనక గదిలోంచి ఎవరొచ్చారని అడిగింది.

"ఫ్యాక్టరీ వాళ్లు. ఇరవై ఒక్క జత," అంది ఆమె, గుడ్డ మీంచి తల ఎత్తకుండా.